బన్నమ్మ అంకె

బేకరీలో దొంగతనం జరుగుతోందని ఆ వీధి మొత్తానికి తెలిసిపోయింది. దొంగ ఎవరో కూడా తెలిసిపోయింది. గల్లాపెట్టెలో చిల్లర పోలేదు, వెనక గదిలో పిండిబస్తాలు పోలేదు. పోతున్నవి గిన్నెలో మిగిలిన క్రీము, కేకు అంచులు కోసేటప్పుడు పక్కన పడే తీపి ముక్కలు, జామ్ డబ్బాల అడుగులు. ఎవరూ చూడకుండా వాటిని నోట్లో వేసుకుంటున్నది సాక్షాత్తూ ఆ బేకరీ యజమానురాలే. ఆమెకు షుగర్ జబ్బు. ఆ జబ్బుతోనే కళ్ళు పోయాయి. అయినా నోరు కట్టుకోలేకపోతోందట. ఇంత రుచిగా ఉన్న వార్తను ఏ వీధి మాత్రం నమలకుండా వదిలిపెడుతుంది?

చిక్కల్లా ఒక్కటే. బన్నమ్మ ఏమీ తినడం లేదు.

బన్నమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి తండ్రి పక్కన నిలబడి బన్నులు చుట్టిన పిల్లను వీధి అలా పిలిచింది, అదే ఉండిపోయింది. తండ్రి పోతూ పోతూ బేకరీని ఆమెకూ తమ్ముడికీ కలిపి వదిలాడు. తమ్ముడు గల్లా దగ్గర, తమ్ముడి భార్య కేకుల బల్ల దగ్గర, బన్నమ్మ వెనక గదిలో పిండి దగ్గర. మేడ మీద ముగ్గురూ ఉండే ఇల్లు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "లోకం నిద్రపోతుంటే లేచి, లోకం లేచాక ఆవలించే పెళ్ళాం ఎవడికి కావాలి?" అనేది. ఇంకాస్త గుచ్చి అడిగినవాళ్ళకు ఆ రోజు మాడిన బన్ను దక్కేది.

కళ్ళు ఒక్కసారిగా పోలేదు. లేజరు కొట్టారు, కంట్లోకి సూదులు పొడిచారు, ఆస్పత్రి మెట్లు అరిగేలా తిరిగింది. చివరికి ఎడమ కన్ను పూర్తిగా చీకటైంది. కుడి కంటికి వెలుగూ నీడా తెలుస్తాయి, ఎదురుగా మనిషి నిలబడితే మనిషని తెలుస్తుంది, ఎవరన్నది వాళ్ళు నోరు తెరిస్తే గాని తెలియదు. ఇక బేకరీ పని అయిపోయినట్టే అనుకున్నారందరూ. మర్నాడు పొద్దున్నే బన్నమ్మ ఎప్పటిలాగే పిండిలో మోచేతుల దాకా దిగింది. "పిండిని కళ్ళతో పిసుకుతారట్రా? వేలితో నొక్కితే చెవి తమ్మె అంత మెత్తగా ఉండాలి. నాకు చెవులున్నాయి, వేళ్ళున్నాయి" అంది. తమ్ముడు కిక్కురుమనలేదు, ఎందుకంటే ఆ రోజు బన్నులు ఎప్పటికంటే బాగా వచ్చాయి.

ఇన్సులిన్ కూడా తనే వేసుకునేది. ఇన్సులిన్ పెన్ను వెనక మర తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఒక్కో టిక్కూ ఒక్కో యూనిట్. చెవి పక్కన పెట్టుకుని లెక్కపెట్టుకుంటే చాలు. ఒక్క పనికి మాత్రం ఇంకొకరి కళ్ళు కావలసి వచ్చేవి. వేలు పొడిచి, నెత్తురుబొట్టు స్ట్రిప్పుకు అంటించి, షుగర్ మిషను మీద పడిన అంకె చదవాలి. ఆ పని మరదలు నెత్తిన వేసుకుంది. నిజం చెప్పాలంటే, బంగారంలాంటి మనిషి. కంట్లో నెత్తురు గూడు కట్టిన రోజున ఆస్పత్రి బెంచీ మీద పొద్దుపోయేదాకా బన్నమ్మ చెయ్యి వదలకుండా కూర్చున్నది ఆమే.

మొదట్లో ఆ పరీక్ష మేడ మీద, వంటగదిలో జరిగేది. తర్వాత ఎదురుగా పెద్ద ఆఫీసు భవనం లేచింది. ఆ ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు పుట్టినట్టే ఉండేది, రోజూ కేకుల ఆర్డర్లే. మరదలికి మేడెక్కే తీరిక లేకపోయింది. మొదటి విడత రొట్టెలు భట్టీలోంచి దిగగానే బన్నమ్మే మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని కడుక్కుని, కేకుల బల్ల దగ్గరి స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపడం మొదలుపెట్టింది. "తడి ఉంది వదినా, ఉండండి" అని మరదలు ఆ వేలు తుడిచి, సూది పొడిచి, నొక్కి, అంకె చదివేది.

ఆ అంకె ఒకరోజు రెండు వందల ఎనభై అయింది.

"నిన్న రాత్రి ఏమైనా తిన్నారా వదినా?"

"నువ్వు పెట్టిందే తిన్నాను. నువ్వేం పెట్టావో నువ్వే చెప్పు."

ఆ మర్నాడు రెండు వందల నలభై. ఆ తర్వాత మూడు వందలు దాటింది. మరదలు గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టింది. తమ్ముడు గల్లా వదిలి వచ్చి మిషను చేతిలోకి తీసుకుని స్వయంగా చూసుకోవడం మొదలుపెట్టాడు. వారానికోసారి బేకరీకి సెలవు. ఆ రోజు అంకె చక్కగా నూట ముప్పై, నూట నలభై. దాంతో తమ్ముడి బుర్ర పాదరసంలా పనిచేసింది. సెలవు రోజున క్రీము ఉండదు, కేకు ముక్కలుండవు. కాబట్టి ఆ రోజు అక్క తినడానికి ఏమీ ఉండదు. కాబట్టే షుగర్ పెరగదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

అక్కను నిలదీసే ధైర్యం అతనికి లేదు. అందుకని మరుసటి రోజు క్రీము పెట్టే ఫ్రిజ్‌కు తాళం వేసి, చెవి జేబులో పెట్టుకున్నాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసినప్పుడు బన్నమ్మ వేళ్ళకు చల్లగా తాళంకప్ప తగిలింది. అది ఎవరి కోసం వేసిందో అర్థం కావడానికి కళ్ళు అక్కర్లేదు. తండ్రితో కలిసి తను కొన్న ఫ్రిజ్ అది. ఒళ్ళు భగ్గున మండింది.

"ఎలకలొస్తున్నాయట్రా ఫ్రిజ్‌లోకి?" అని గట్టిగా అరిచింది.

 అప్పుడే రస్కుల కోసం వచ్చిన డ్రిల్లు మాస్టారు పకపకా నవ్వారు. బడిలో పిల్లల చేత ఏళ్ళ తరబడి గుంజిళ్ళు తీయించి రిటైరైన మనిషి. ఇప్పుడు వీధిలోని వార్తల చేత తీయిస్తుంటారు. "ఎలక బాగా పెద్దదే అయ్యుంటుంది బన్నమ్మా!" అన్నారాయన. ఆ మాట సాయంత్రానికల్లా వీధి చివరి మందులషాపు దాకా పాకింది.

ఇంతవరకూ పోయింది పరువే. పరువు పోతే బన్నమ్మ మళ్ళీ సంపాదించుకోగలదు. కానీ తమ్ముడు డాక్టరుకు ఫోన్ చేసి ఆ అంకెలన్నీ చదివాడు. డాక్టరు ఇన్సులిన్ కొంచెం పెంచి, వెంటనే తీసుకొచ్చి రక్తపరీక్షలు చేయించమన్నారు. మోతాదు ఆ రోజే పెరిగింది. రక్తపరీక్షలకు మాత్రం, ఆర్డర్ల రద్దీ తగ్గాక వెళ్దాంలే అన్నాడు తమ్ముడు. అప్పటినుంచి పొద్దెక్కేసరికి బన్నమ్మకు చేతులు వణికేవి, ఒళ్ళంతా చెమటలు పట్టేవి, పిండి బల్ల పడవలా ఊగేది. షుగర్ పడిపోతోందని ఆమెకు అనుమానం వచ్చింది. "మూడు వందలున్న మనిషికి పడిపోవడమేంటి వదినా, ఎక్కువైనా నీరసమేగా" అంది మరదలు. ఒకరోజు వేడి ట్రే దించుతుండగా మోకాళ్ళు జారిపోయి, బన్నులన్నీ నేలపాలై, మోచెయ్యి భట్టీ తలుపుకు అంటుకుని చుర్రున కాలింది. నోట్లో గ్లూకోజు పొడి పోసుకుంటే గాని లేవలేకపోయింది.

ఆ సాయంత్రం తమ్ముడు మేడ మీద, మరదలు కాలిన చోట మందు రాస్తుండగా, మెల్లగా మాట కదిపాడు.

"అక్కా, ఒక మనిషిని మాట్లాడాను. పిండి పనంతా వచ్చిందతనికి. ఒకటో తారీకు నుంచి వస్తాడు. నువ్వింక కిందికి దిగొద్దు. పైన హాయిగా రేడియో వింటూ కూర్చో."

"ఎందుకు?"

"ఎందుకేంటక్కా, చూస్తున్నాంగా. కింద ఉంటే నీ చెయ్యి ఆగదు. తీపి మధ్య ఉండి నోరు కట్టుకోమంటే ఎవరివల్లా కాదు. నిన్ను తప్పుపట్టడం లేదు..."

"నేను తినలేదురా."

తమ్ముడు మందు గొట్టానికి మూత పెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి? ముక్క ముట్టలేదు. నాలిక్కి తగిలించలేదు. నా మాట అబద్ధమంటావా?"

"మిషనుకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముందక్కా?"

"నాకేముంది మరి?" అంది బన్నమ్మ.

 తమ్ముడు జాలిగా ఆమె భుజం తట్టాడు. ఆ జాలి బన్నమ్మకు కాలిన గాయం కంటే ఎక్కువ మండింది. ఈ చేతులతో పెంచిన బేకరీ. పిండి ఎప్పుడు పొంగిందో వాసనతో చెప్పగల మనిషిని తీసుకెళ్ళి రేడియో పక్కన కూర్చోబెడతారట! తిట్టుకుంది, పళ్ళు నూరింది, ఎవరికీ వినపడకుండా దిండులో మొహం దాచుకుని కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత లేచి మొహం కడుక్కుంది.

మర్నాడు ఎవరినీ తోడు రమ్మనకుండా, తెల్లకర్ర తీసుకుని బస్సెక్కి కళ్ళాస్పత్రికి వెళ్ళింది. కర్రతో నడవడం నేర్పిన టీచరు అక్కడ ఒక చిన్న గదిలో కూర్చుంటుంది. ఆమెకూ చూపు లేదు. బన్నమ్మ ఆమెను కర్ర టీచరనే పిలుస్తుంది, ఆమెకది ఇష్టం కూడా.

"టీచరమ్మా, గడియారం మాట్లాడుతుంది, ఫోను మాట్లాడుతుంది. షుగర్ మిషనుకేం రోగం? అది మాట్లాడదా?"

"ఎందుకు మాట్లాడదూ, చక్కగా మాట్లాడుతుంది" అంటూ కర్ర టీచరు సొరుగు లాగింది. "ఇన్నాళ్ళూ ఎవరు చూసేవాళ్ళు మీకు?"

"మా మరదలు."

"మంచావిడా?"

"అదేగా బాధ" అంది బన్నమ్మ.

ఆ గదిలోనే నేర్చుకుంది. స్ట్రిప్పు ఏ కొస లోపలికి వెళ్ళాలో గోటితో తడిమి తెలుసుకోవాలి. వేలి కొసన కాదు, పక్కన పొడవాలి. వేలి మొదట్నుంచి కొసకు ఆవు పొదుగు పితికినట్టు మెల్లగా నొక్కుకుంటూ రావాలి. పొడిచిన చోటు గుర్తుండేలా బొటనవేలిని పక్కనే ఆనించి, దాని వెంట స్ట్రిప్పును జరుపుకుంటూ పోతే బొట్టును అదే పీల్చుకుంటుంది. "అన్నిటికంటే ముందు చేతులు" అంది టీచరు. "కడుక్కుని, బాగా ఆరాకే పొడుచుకోవాలి." బన్నమ్మ తలూపింది. చేతులు కడుక్కోవడం గురించి తనకొకరు చెప్పాలా అనుకుంది.

మాట్లాడే మిషను ఇంటికి తెచ్చాక తమ్ముడూ మరదలూ ఇద్దరూ చిన్నబుచ్చుకున్నారు. "కళ్ళున్న వాళ్ళం ఇద్దరం ఇంట్లో ఉండగా మిషను మాట్లాడాలా అక్కా?" అన్నాడు తమ్ముడు. "మాట్లాడనివ్వరా, ఇంట్లో నాతో నిజం మాట్లాడేది ఒక్కటైనా ఉండాలిగా" అని గది తలుపేసుకుంది.

తలుపు వెనక పెద్ద యుద్ధమే జరిగింది. నెత్తురుబొట్టు స్ట్రిప్పు మీద పడకుండా దుప్పటి మీద పడేది. స్ట్రిప్పు తిరగబడేది. "మళ్ళీ ప్రయత్నించండి" అనేది లోపలున్న ఆడగొంతు, తేనె పూసినట్టు. "నీ మర్యాద మండ! ప్రయత్నిస్తూనే ఉన్నానుగా!" అని అరిచేది బన్నమ్మ. "మళ్ళీ ప్రయత్నించండి" అనేది అది. చివరికి రెండు వేళ్ళు జల్లెడై, మూడో వేలికి వచ్చేసరికి ఆ గొంతు ఇంకో మాట పలికింది.

"నూట ఇరవై ఆరు."

బన్నమ్మ నమ్మలేదు. తిట్టినందుకు భయపడి ముఖస్తుతి చేస్తోందేమో అనుకుని మళ్ళీ పొడుచుకుంది. నూట ముప్పై ఒకటి. ఆ మర్నాడు పొద్దున పనిలోకి దిగకముందు చూసుకుంటే నూట పద్దెనిమిది. కిందికి దిగి, పని ముగించి, ఏమీ ఎరగనట్టు కేకుల బల్ల దగ్గర చెయ్యి చాపింది. మరదలు తుడిచింది, పొడిచింది, కాసేపు ఆగింది.

"రెండు వందల డెబ్భై నాలుగు వదినా" అంది దిగులుగా.

 మెతుకు కూడా నోట్లో పెట్టుకోకుండా ఇంతలోనే ఇంత ఎలా పెరుగుతుంది? ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. మిషను అక్కడే ఉంది, అంకె అక్కడే ఉంది, చూడగలిగింది మరదలొక్కతే. తమ్ముడు కూడా చూశాడంటే, ఇద్దరూ ఒక్కటయ్యారా? తనను పైన కూర్చోబెట్టి బేకరీ అంతా వాళ్ళే చూసుకుందామనా? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అది పోలేదు. ఆస్పత్రి బెంచీ మీద తన చెయ్యి పట్టుకున్న మనిషిని ఒక రోజంతా దొంగలా అనుమానిస్తూ పిండి పిసికింది. తనను వాళ్ళు అనుమానిస్తున్నట్టే.

ఆ మర్నాడు పొద్దున కొత్త మిషను కొంగులో పెట్టుకుని దిగింది. పని కాగానే చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఒరేయ్, గల్లా వదిలి ఇలా రా" అని కేకేసింది. తమ్ముడొచ్చాడు. రమ్మనకపోయినా డ్రిల్లు మాస్టారు కూడా రస్కుల పొట్లం పట్టుకుని వెనకాలే వచ్చారు. ఉండనీ, వార్త మోసిన నోరే సాక్ష్యం కూడా మోస్తుందని బన్నమ్మ ఏమీ అనలేదు.

"అమ్మాయ్, ఇవాళ నీ మిషనొద్దు. దీంతో చెయ్యి. ఇదైతే గట్టిగా చెబుతుంది, అందరూ వింటారు."

మరదలు మారుమాట్లాడకుండా ఆ చెయ్యి తీసుకుంది.  నూట ఇరవై అని మిషను పలికితే ఈ పిల్ల దొరికిపోతుంది. దొరికిపోవాలనీ ఉంది, దొరకకూడదనీ ఉంది. మరదలు ఎప్పటిలాగే వేలు తుడిచింది, పొడిచింది, నొక్కింది.

"రెండు వందల అరవై ఎనిమిది" అంది మిషను. బేకరీ అంతా మోగింది.

డ్రిల్లు మాస్టారు పెదవి చప్పరించారు. తమ్ముడు నిట్టూర్చాడు. "చూశావుగా అక్కా. నీ మిషనే చెప్పింది. ఇంకా ఎందుకు మమ్మల్ని..."

"నోర్ముయ్యి" అంది బన్నమ్మ.

నేల కుంగిపోయినట్టయిన మాట నిజమే. కానీ మరదలు అబద్ధమాడలేదు, ఆ సంగతి గుండెకు చల్లగా తగిలింది. తనూ అబద్ధమాడలేదు. మిషనూ అబద్ధమాడలేదు. మరి? ఆమె ఇంకో చెయ్యి తీసింది. ఎవరూ ముట్టుకోని చెయ్యి. కొత్త సూది, కొత్త స్ట్రిప్పు. గోటితో తడిమింది, పక్కన పొడుచుకుంది, మొదట్నుంచి కొసకు పితుక్కుంటూ వచ్చింది. బొటనవేలి వెంట స్ట్రిప్పు జరిపింది. 

"నూట ఇరవై తొమ్మిది."

"మిషను పాడైంది" అన్నాడు తమ్ముడు వెంటనే.

"పాడైతే మళ్ళీ చూద్దాం." మళ్ళీ పొడుచుకుంది. నూట ముప్పై రెండు. "ఇప్పుడు చెప్పరా. మిషను ఒకటే. ఒళ్ళు ఒకటే. ఆ వేలిలో ఒక నెత్తురూ ఈ వేలిలో ఒక నెత్తురూ పారుతోందా నాకు?"

 బన్నమ్మ చెయ్యి చాపి మరదలి చేతిని పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి తన వేలిని పట్టుకుందే గాని, తను ఆ చేతిని తడిమి చూడలేదు. వేళ్ళ సందుల్లో సన్నగా గరగరలాడింది. అక్కడి నుంచి మణికట్టు, మోచెయ్యి, భుజం దాకా పాకితే, భుజం మీద తువ్వాలు తగిలింది. ఐసింగు గిన్నెల అంచులు తుడిచే తువ్వాలు, పంచదార పొడి చేతులు తుడుచుకునే తువ్వాలు, పొద్దుటినుంచి ఆ భుజం దిగని తువ్వాలు. తన తడి వేలిని రోజూ ఒత్తింది దాంతోనే.

బన్నమ్మ ఆ తువ్వాలు లాగి, అందరూ చూస్తుండగా దాని కొస నోట్లో పెట్టుకుని చప్పరించింది.

తీపి. నాలుక మరిచిపోయిన తీపి. కళ్ళలో నీళ్ళు తిరిగేంత తీపి.

"చూడండిరా" అంది.  "కళ్ళారా చూడండి. మాస్టారూ, మీరు కూడా చూడండి. బన్నమ్మ తీపి తింటోంది. ఇన్ని నెలల్లో తిన్న తీపి ఇదొక్కటే."

మరదలికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నిలువునా నీరైపోయింది. "అయ్యో వదినా, నా చేతులా? నా చేతులతోనేనా? ఆ అంకె చూసి మందు పెంచాం కదా... నేనే చంపేసేదాన్ని కదా మిమ్మల్ని!" అని బన్నమ్మ ఒళ్ళో తల పెట్టి బావురుమంది. బన్నమ్మ ఆ తల మీద చెయ్యి వేసింది. నిన్నంతా ఈ పిల్లను అనుమానించిన సంగతి చెప్పనా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించి, "ఏడవకు. నేనూ నిన్ను ఒక రోజు దొంగను చేశాను. చెల్లుకి చెల్లు" అంది.

డ్రిల్లు మాస్టారు రస్కుల పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, మెల్లగా వీధిలోకి జారుకున్నారు.

"అక్కా" అన్నాడు తమ్ముడు.

"ముందు ఆ తాళం తియ్యి."

తీశాడు. చెవిని ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాత డాక్టరుకు ఫోన్ చేశాడు. ఈసారి బన్నమ్మే మాట్లాడింది. డాక్టరమ్మ అంతా విని, మోతాదు ఆ రోజే తగ్గించి, ఇంకేమీ వాయిదా వెయ్యకుండా రేపే పరీక్షలకు రమ్మన్నారు. ఆ రిపోర్టు కూడా బన్నమ్మ మాటే చెప్పింది. ఒకటో తారీకున రావలసిన మనిషిని తమ్ముడే రావద్దన్నాడు.

ఇంకొకరైతే ఇక్కడితో సర్దుకుపోయేవారు. రిపోర్టు వచ్చిన సాయంత్రం తమ్ముడు గుండెల మీంచి బరువు దిగినవాడిలా, "పోనీలే అక్కా, తప్పెక్కడో తెలిసిపోయింది. ఇకనుంచి తను సబ్బుతో చేతులు కడుక్కునే చేస్తుంది. నీకా పొడుచుకునే అవస్థ అక్కర్లేదు" అన్నాడు.

"వద్దు" అంది బన్నమ్మ.

"అదేంటి? చేతులు కడుక్కున్నాక కూడానా?"

"చేతులు కడిగితే పంచదార పోతుందిరా. నేను తినలేదని నెత్తీ నోరూ కొట్టుకున్నా మీరిద్దరూ నమ్మలేదు చూడు, అది ఏ సబ్బుతో పోతుంది? నా వేలు, నా నెత్తురు. ముందు నేను వింటాను. తర్వాత చెప్పాలనిపిస్తే మీకు చెబుతాను."

మరదలు తలూపింది. ఆ తలూపడం బన్నమ్మకు కనపడలేదు గాని, "అలాగే వదినా" అన్న గొంతులో నొచ్చుకోవడం లేదని వినపడింది. తమ్ముడు మాత్రం కాస్త ముడుచుకున్నాడు. ముడుచుకోనీ అనుకుంది. పిండి కూడా కొట్టినప్పుడు ముడుచుకుంటుంది, కాసేపటికి అదే లేస్తుంది.

అప్పటినుంచి పరీక్ష మేడ మీదే, తలుపేసుకుని. మిషను గొంతు తగ్గించి, చెవికి ఆనించుకుని వినేది. బయటికొచ్చాక ఎవరూ ఎంతని అడిగేవాళ్ళు కాదు. అడగాలని తమ్ముడి నాలుక చివర ఉండేది, మింగేసేవాడు. వీధి కూడా క్రీము మాట ఎత్తడం మానేసింది. డ్రిల్లు మాస్టారే ఈసారి తువ్వాలు కథను మందులషాపు దాకా మోసుకెళ్ళారు, తనే కనిపెట్టినంత గొప్పగా.

అలా చాలా రోజులు గడిచాక ఒక పొద్దున ఆ ఆడగొంతు ఆమె చెవిలో మెల్లగా, "రెండు వందల పదకొండు" అంది.

చేతులు కడుక్కుంది, ఆరాయి. మళ్ళీ చూసుకుంది. రెండు వందల ఏడు. బన్నమ్మ మంచం మీద కాసేపు అలాగే కూర్చుంది. ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. డాక్టరమ్మ నేర్పిన లెక్క ప్రకారం పెన్ను తిప్పి, టిక్కులు లెక్కపెట్టుకుని, సూది వేసుకుంది. కిందికి దిగి, పిండి గదిలోకి వెళ్ళకుండా తిన్నగా గల్లా దగ్గరికి నడిచింది. అక్కడ తమ్ముడున్నాడు, ఎప్పటిలాగే డ్రిల్లు మాస్టారున్నారు, కేకు ఆర్డరు రాయించడానికి వచ్చినవాళ్ళెవరో ఉన్నారు.

"ఒరేయ్, ఇవాళ రెండు వందల పదకొండు" అంది అందరికీ వినపడేలా.

 "మళ్ళీ ఏదైనా అంటుకుందేమో అక్కా, చేతులు సరిగ్గా..." అన్నాడు తమ్ముడు భయం భయంగా.

"ఏమీ అంటుకోలేదు. రాత్రి మీరు పడుకున్నాక దిగొచ్చి క్రీము బన్ను తిన్నాను. మొత్తం తిన్నాను. బాగుంది కూడా. మందు వేసుకున్నాను, మధ్యాహ్నం మళ్ళీ చూసుకుంటాను." గల్లా బల్ల మీద రెండు చేతులూ ఆనించి, తమ్ముడి నీడ ఉన్న వైపు మొహం పెట్టింది. "తినలేదంటే నమ్మలేదు. తిన్నానంటున్నా. నమ్ముతావా, మిషను తెచ్చి వినిపించాలా?"

 తమ్ముడు బల్ల మీదున్న అక్క చేతుల మీద తన చేతులు వేశాడు.

"మిషనెందుకక్కా? నువ్వు చెప్పావుగా" అన్నాడు.